తిట్ల రొట్టె

వెంకటగిరిలో శేషాచార్యులవారి దగ్గర వేదాంతం చదువుకునే సులోచన ఒక మధ్యాహ్నం పాఠం మధ్యలో పుస్తకం మూసేసింది. ఆమె తల్లి పోయి అప్పటికి నాలుగు నెలలు. "అయ్యగారూ, మనుషుల్లోకి వెళ్తే అమ్మ ఇంకా ఎక్కువ గుర్తొస్తోంది. ఏడాదిపాటు మౌనం పట్టి గదిలో కూర్చుంటే ఈ బెంగ తీరుతుందా?" అని అడిగింది. ఆచార్యులవారు తీరుతుందనీ అనలేదు, తీరదనీ అనలేదు. నెల్లూరులో ఒకప్పుడు తమ పొరుగున ఉండిన పెంచలయ్య సంగతి చెప్పారు.

పెంచలయ్య బస్సు కండక్టరుగా చేసి దిగిపోయినవాడు. భార్య రవణమ్మది పెద్ద నోరు. కండువా మంచం మీద పడేస్తే తిట్టేది, అన్నం చల్లారబెడితే తిట్టేది. ఆమె పోయాక అతను కండువా ఎక్కడ పడేసినా ఇల్లు ఏమీ అనేది కాదు. వేళకి తినడం మానేశాడు. ఎవరింటికీ వెళ్లడం కూడా మానేశాడు.

ఇంతలో రొట్టెల పండుగ వచ్చింది. దర్గా పక్కనున్న చెరువులో దిగి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుని తింటారు. రవణమ్మ ఏటా వెళ్లేది. ఆమె నిలబడిన నీళ్లలో ఒక్కసారి నిలబడి వద్దామని పెంచలయ్య బయల్దేరాడు. ఇసుక వేస్తే రాలని జనం. "ఉద్యోగం రొట్టె!" "పెళ్లి రొట్టె!" "సొంతిల్లు రొట్టె!" అని కేకలు. ఎంతకీ నోరు విప్పని ఇతన్ని చూసి, పక్కనున్న లావుపాటి ఆవిడ, "నీకు ఏ రొట్టె కావాల పెద్దాయనా? అడిగితేనే గదా తెలిసేది" అంది.

"నన్ను తిట్టే మనిషి కావాలమ్మా. ఆ రొట్టె ఉందా?"

అనుకోకుండానే అతని నోట వచ్చేసిందా మాట. చుట్టూ నవ్వులు లేచాయి. "తిట్ల రొట్టె ఎవరి కాడుందీ!" అని ఎవరో కేకేస్తే, ఆ కేక అవతలి గట్టుదాకా పోయింది. "మా ఇంట్లో కావాల్సినంత ఉండాది, తోలుకుపో సామీ" అని ఒకాయన భార్యను చూపించాడు. ఆమె దోసెడు నీళ్లు మొగుడి మొహాన కొట్టింది. పెంచలయ్య కూడా నవ్వాడు.

అప్పుడొక ముసలమ్మ, తల చుట్టూ కొంగు కప్పుకుని, నీళ్లు తోసుకుంటూ వచ్చి అతన్ని ఎగాదిగా చూసింది. "నా చేతిలోది ఆరోగ్యం రొట్టె. తిట్లంటావా, అవి నా సొంతం. ఎప్పుడనగా నీళ్లలో నిలబడుండావు? ఆ మొహం అన్నం తిన్న మొహమేనా? జొరమొస్తే ఎవరు చూస్తారనుకున్నావు? ముందు గట్టెక్కు!"

పెంచలయ్య రొట్టె పుచ్చుకున్నాడు. ఒక ముక్క నోట పెట్టుకున్నాడు. అంతమందిలో నిలబడి ఏడ్చాడు. ఎవరూ ఊరుకోమనలేదు. లావుపాటి ఆవిడ తన తువ్వాలు ఇచ్చింది. గట్టు మీద వాళ్లంతా క్యారియర్లు విప్పి, అతన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని తినిపించారు. సాయంత్రానికి తలా ఒక ఊరి బస్సెక్కి వెళ్లిపోయారు. ఒకరి పేరు ఒకరికి తెలియదు.

సులోచన, "మరి రవణమ్మ మీద ఆయన బెంగ తీరిందా?" అంది.

"ఎక్కడ తీరుతుందమ్మా? అయినా మరుసటి ఏడాది రొట్టెలు కాల్చుకుని పోతున్నాడు. కోరిక తీరినవాడే కదయ్యా ఇవ్వాల్సింది, అన్నాను. 'నిరుడు నేను నిలబడినట్టే ఎవరో ఒకరు నిలబడుంటారు సామీ' అని, ఆగకుండా వెళ్లిపోయాడు. ఎవరికిచ్చాడో నేనడగలేదు" అన్నారు ఆచార్యులవారు.