నేనూ అటే

అనగనగా, ఎప్పుడని నన్నడక్కండి, మా తాతల తాతలకే సరిగ్గా తెలీదు, కాలవగట్టున ఒక ఊరుండేది. పొద్దున్నే మంచు దిగితే ఏది నేలో, ఏవి నీళ్లో తెలిసేది కాదు. ఆ ఊళ్లో నూకయ్య బాతులు మేపుకునేవాడు. ఇల్లు లేదు, వాకిలి లేదు. ఉన్నదల్లా ఓ పొడుగాటి వెదురుకర్ర, ఓ బాతుల మంద.

అదే ఊళ్లో పేరంటాలమ్మ మంత్రసాని. ఊళ్లో సగంమందికి బొడ్డు కోసింది ఆవిడే. ముసలితనంలో ఆవిడకి మరుపొచ్చింది. కొడుకు పేరు కూడా జారిపోయింది గానీ, చేసిన పని మాత్రం పోలేదు. రోజూ తెల్లారగానే కొంగు దోపుకుని, "కాన్పుంది, వెళ్లాలి" అని బయల్దేరేది.

ఊరివాళ్లు చెడ్డవాళ్లు కాదు. ప్రేమకొద్దీ "ఎక్కడికమ్మా?" అనేవారు. బయల్దేరిన మనిషిని అలా అడగకూడదని తెలీదూ? జవాబు దొరక్క ఆవిడ బెదిరిపోయేది. మొదటిరోజు రేవుదాకా పోయింది. రెండోరోజు చెయ్యి పట్టి లాగితే, విదిలించుకుని తూముదాకా పరిగెత్తింది. మూడోరోజు నడుంలోతు నీళ్లలో దొరికింది.

కొడుకు కామయ్యకి పైప్రాణాలు పైనే పోయాయి. తల్లిని గదిలో పెట్టి గొళ్లెం వేశాడు. ఆవిడ తిండి మానేసింది. "అక్కడ బిడ్డ అడ్డం తిరిగిందయ్యా" అని తలుపు బాదుతూ ఏడ్చేది. ఒకరోజు, రెండురోజులు, మూడురోజులు. మనిషి సగమైపోయింది.

ఆ ఏడుపు నూకయ్య చెవిన పడింది. వచ్చి, గొళ్లెం తియ్యమన్నాడు. మా అమ్మ నీ బాతనుకున్నావా అని కామయ్య మండిపడ్డాడు.

"కాదు బాబూ. కానీ నాకొచ్చిన పని అదొక్కటే. బాతులకి ఎదురెళ్తే చెదిరిపోతాయి. ఎనకపడితే పరిగెడతాయి. పక్కన నడిస్తే మనతోపాటే తిరుగుతాయి. ఇయ్యాల ఒక్కరోజు అమ్మని నాకొదులు."

తల్లి మూడురోజులుగా మెతుకు ముట్టలేదని తలుచుకుని కామయ్య గొళ్లెం తీశాడు. పేరంటాలమ్మ మంచులోకి నడిచింది. నూకయ్య ఎక్కడికని అడగలేదు. ఎదురు నిలబడలేదు. చెయ్యి పట్టుకోలేదు.

"నేనూ అటే, అమ్మా" అన్నాడు.

ఆవిడ ఎటంటే అటు నడిచారు. నూకయ్య ఎప్పుడూ ఆవిడకీ కాలవకీ మధ్యన, నీళ్లవైపే ఉన్నాడు. వెనక తెల్లటి బాతులు మంచులోంచి వస్తూ, మంచులో కలుస్తూ ఉన్నాయి. ఆవిడ గడపగడపకీ ఆగి, ఇక్కడ కవలలు, ఇక్కడ ఎదురుకాళ్లతో పుట్టినవాడు అని చెప్పుకుపోయింది. పొద్దెక్కేసరికి ఇద్దరూ తిరిగితిరిగి కామయ్య గుమ్మంలోకే వచ్చారు. "తల్లీబిడ్డా క్షేమం" అని ఆవిడ కాళ్లు కడుక్కుంది, కడుపునిండా అన్నం తింది. కామయ్య ఏడుస్తూ గొళ్లెం ఊడబీకాడు.

మూడేళ్లు అలాగే నడిచి, ఆవిడ తన మంచం మీద, నిద్రలో పోయింది.

ఏళ్లు గడిచాక నూకయ్యకీ మరుపొచ్చింది. బాతులు ఎప్పుడో పోయినా, కర్ర పట్టుకుని లేని మందని తోలుకుంటూ కాలవగట్టు ఎక్కేవాడు. అప్పుడు చూడాలి ఆ ఊరిని. ఎవరి కంటపడితే వాళ్లు చేతిలో పని వదిలేసి, "నేనూ అటే, తాతా" అని నీళ్లవైపున పక్కన చేరేవారు. ఒక్కనాడూ ఎవరూ ఆపలేదు. ఒక్కనాడూ ఒంటరిగా వదల్లేదు.

అతను పోయిననాడు ముసలి కామయ్య పాడెకి భుజం పట్టాడు. "మేమూ అటే, నూకయ్యా. నువ్వు ముందు నడు" అన్నాడు.

ఇప్పటికీ ఆ ఊళ్లో దారిన పోయే ముసలివాళ్లని ఎక్కడికని ఎవరూ అడగరు. నేనూ అటే అంటారు, నీళ్లవైపున ఉండి పక్కనే నడుస్తారు. ఎటన్నది దారిలో తెలుసుకుంటారు.