కొండగుమ్ము ట్రాక్టర్‌కు గుండెకాయ

పైడయ్య చేతికంటిన గ్రీజు కడుక్కోకుండానే భోజనాల పంక్తిలో కూర్చునేవాడు. "ఇది మురికి కాదండీ, పనిమీద భక్తి" అనేవాడు. కొండగుమ్ము సంస్థానంలో ట్రాక్టర్ నడిపేది తానొక్కడేనని పక్క విస్తరివాడికి తెలియాలి కదా మరి!

ఒకనాడు నిండు సభలో రాజావారికి ముచ్చట పుట్టింది.

"రేపు కలెక్టరుగారు మన పాత ట్రాక్టర్ చూడ్డానికి వస్తున్నారు. దాని గుణగణాలు బాగా తెలిసినవాడికే షెడ్డు తాళాలు. ఓడినవాడు ఏనుగుశాలలో పేడ ఎత్తాలి."

దివానుగారి బావమరిది సోమసుందరం పంతులు చటుక్కున లేచాడు. ట్రాక్టర్‌తో వచ్చిన పుస్తకమంతా ఆయనకు కంఠతా వచ్చు. పంచె మాస్తుందని యంత్రాన్ని మాత్రం ఏనాడూ ముట్టుకోలేదు.

"ఇరవై ఎనిమిది గుర్రాల బలం! నాలుగు సిలిండర్లు! పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కాక కిరసనాయిలు మీదికి మార్చాలి! వెనక చక్రాలు ఇనుపవి, పళ్ళున్నవి!"

సభ చప్పట్లు కొట్టింది. పైడయ్యకు ఏనుగుశాల వాసన అప్పుడే ముక్కుకు తగిలింది.

"నీకేం వచ్చురా, హ్యాండిల్ తిప్పడం తప్ప?" అన్నాడు పంతులు.

"అంతే బాబూ. ఒక్క సందేహం తీర్చండి, చాలు."

పైడయ్య బయటికి పరుగెత్తి, గ్రీజూ మసీ పూసిన గొట్టమొకటి పట్టుకొచ్చాడు.

"ఇదేం భాగమండీ?"

తెలియదంటే తాళాలు పోతాయి. పంతులు అందుకున్నాడు.

"ఇదా! ఇంజనుకు గుండెకాయరా! పైనుంచి ఒత్తిడి పడితే, అడుగు చిల్లుల్లోంచి కిరసనాయిలు సన్నధారలుగా దిగుతుంది. పన్నెండో పేజీ!"

రాజావారూ తలాడించారు. "నిజమే. దాని చప్పుడు మేమూ విన్నాం."

పైడయ్య వంటశాల వైపు కేకేశాడు. "చిట్టెమ్మత్తా! ఓసారి ఇటు రా!"

వంటల చిట్టెమ్మ వచ్చింది. చూసింది. నెత్తి బాదుకుంది.

"ఓరి నీ చేతులు పడిపోనూ! నా జంతికల గొట్టానికి గ్రీజు పూస్తావుట్రా?"

జన్మలో వంటింటి గడప తొక్కని పంతులు తెల్లబోయాడు. పైడయ్య చేతులు కట్టుకున్నాడు.

"పంతులుగారి మాట నిజమే ప్రభూ. నిన్న సాయంత్రం ఏలినవారు పళ్ళెంనిండా ఆరగించింది ఆ కిరసనాయిలే!"

సభంతా రాజావారి ముఖంకేసి చూసింది. తలాడించింది రాజావారు కూడానాయె! ఆయన పక్కున నవ్వాకే మిగతావాళ్ళకు నవ్వొచ్చింది.

తాళాలు పైడయ్యకు, పారా గంపా పంతులుకు దక్కాయి.

"మరి రేపు కలెక్టరుగారికి ఏం చూపిస్తావురా?" అన్నారు రాజావారు.

"ముందుకు నడిపి చూపిస్తాను ప్రభూ. వెనక్కి నడపడం నాకింకా రాలేదు."