ఏ లోటూ లేని బడి

ఈతమానువలస హైస్కూల్లో చిన్నంనాయుడు అనే హెడ్మాస్టరు ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, తన బడిలో ఏ లోటైనా బయటివాళ్ల కంట పడిందంటే ఆయనకు తల కొట్టేసినట్టుండేది.

ఆ గుణం ఆయనకు వాళ్లమ్మ దగ్గర నుంచి అబ్బింది. ఇంటికి చుట్టాలు వస్తున్నారని తెలిస్తే ఆవిడ పక్కింటి నుంచి మంచి దుప్పటి, ఎదురింటి నుంచి ఇత్తడి చెంబులు తెచ్చేది. చిరిగిన చాప చుట్టి అటక మీద పడేసేది. చుట్టాలు ఉన్నంతసేపూ ఆ ఇల్లు కలిగినవాళ్ల ఇల్లులా ఉండేది. వాళ్లు గుమ్మం దాటగానే ఎవరి చెంబులు వాళ్లకు తిరిగిచ్చేసి, మళ్లీ ఆ చిరిగిన చాపే పరుచుకునేవాళ్లు. చుట్టాల దగ్గర అది మర్యాదగానే చెల్లింది. బడి దగ్గర ఎలా చెల్లిందో వినండి.

ఈతమానువలసలో సగం మందికి సెంటు భూమి లేదు. దసరా వెళ్లగానే కూలీలను కుదుర్చుకునే మేస్త్రి లారీ వచ్చేది. మొగుడూ పెళ్లాలూ మూటలు కట్టుకుని, ఎక్కడో దక్షిణాదిన ఇటుక బట్టీల్లో పనికి వెళ్లిపోయేవారు. పిల్లల్నీ వెంట తీసుకుపోయేవారు. ఎండాకాలం చివర్లో తిరిగొచ్చేసరికి ఆ పిల్లలు చదివిందంతా మరిచిపోయేవారు. కొందరు ఇక బడి మొహమే చూసేవారు కాదు.

ఇది చూసి చూసి చిన్నంనాయుడికి ప్రాణం ఉసూరుమనేది. ఒక ఏడు ఉండబట్టలేక ఇంటింటికీ తిరిగాడు. "పిల్లల్ని బళ్లో ఉంచి వెళ్లండి. తిండీ పడకా నేను చూసుకుంటాను" అని బతిమాలాడు.

కొందరు ఒప్పుకున్నారు. పిల్లల కోసం తలా కాస్త బియ్యం కూడా ఇచ్చి వెళ్లారు. పగలంతా తరగతులు, రాత్రి బడి వరండాలో పడక. మధ్యాహ్నం బడికి వండే పోలమ్మే రాత్రి పూట కూడా ఈ పిల్లలకు ఇంత అన్నం, పల్చటి పప్పుచారు కాచి పోసేది. వరండాకు ఒకవైపే గోడ ఉంది. జల్లు కొడితే పిల్లలు చాపలు లాక్కుని ఆ గోడకు అంటుకుని కూర్చునేవారు.

ఆ పిల్లల్లో హైమ అనే అమ్మాయి ఉంది. ఎనిమిదో తరగతి. లెక్క చెప్పడం పూర్తయ్యేలోపే జవాబు చెప్పేసేది. ఇంకా బడి ఈడు రాని చెల్లెల్ని కూడా ఆ వరండాలో తనే చూసుకునేది. చలికాలం చివర్లో స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. అందులో నెగ్గితే పన్నెండో తరగతి దాకా ఏటా డబ్బు వస్తుంది. కానీ ఆ పరీక్ష ఎనిమిదిలోనే రాయాలి. ఆ ఏడు తప్పితే మళ్లీ రాయడానికి లేదు. హైమ తప్పకుండా నెగ్గుతుందని బడంతటికీ తెలుసు.

వెళ్లేటప్పుడు హైమ నాన్న అప్పలసూరి హెడ్మాస్టరుకు ఒక మాట చెప్పి మరీ వెళ్లాడు.

"పిల్ల సదువుకుంటాదని ఒదిలెల్తన్నాం మాస్టారూ. గానీ ఆ వరండాలో సలికాలం ఎలా గడుస్తాది? సలి ముదిరేలోగా నాలుగు గోడల గది కనపడాల. నేపోతే వొచ్చి తీసుకుపోతాం. మరేటనుకోకండి."

"గది వస్తుంది. నాదీ పూచీ" అన్నాడు చిన్నంనాయుడు.

ఆ గది కోసం ఆయన తిరగని చోటు లేదు. పై ఆఫీసులో నిధులు లేవన్నారు. ఒక ఫ్యాక్టరీ వాళ్లు పుస్తకాల సంచులు తప్ప ఇంకేమీ ఇవ్వలేమన్నారు. పట్నం నుంచి ఒక క్లబ్బు వాళ్లు వచ్చి, పిల్లలకు తలా ఒక పెన్సిలు ఇచ్చి, తలా రెండు ఫోటోలు తీసుకుని వెళ్లారు. చివరికి విశాఖపట్నంలో ఒక ట్రస్టు ఉందని తెలిసింది. ఏటా ఒక బడికి వాళ్లు గ్రాంటు ఇస్తారు. వలస వెళ్లినవాళ్ల పిల్లలు ఉండటానికి గది కట్టించి, పక్కలు కొనిచ్చి, వంటమనిషికి జీతం కూడా వాళ్లే చూసుకుంటారు. చిన్నంనాయుడు అర్జీ పెట్టాడు. ట్రస్టు తరఫున వసుంధర అనే ఆవిడ ఫోన్ చేసి, "వచ్చే గురువారం మీ బడి చూడ్డానికి వస్తున్నాం మాస్టారూ" అంది.

ఆయన కాళ్లు నేల మీద నిలవలేదు. సున్నం తెప్పించి గోడలకు వేయించాడు. గురువారం పొద్దున్నే టెంట్‌హౌస్ నుంచి ఎర్ర తివాచీలు, కుర్చీలు, తళతళలాడే స్టీలు కంచాలు దిగాయి. వాకిట్లో ముగ్గులు పడ్డాయి. గేటుకు మామిడి తోరణం కట్టారు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఆయన వరండా వైపు చూశాడు. చిరిగిన చాపలు, పిల్లల మూటలు, మసి పట్టిన గిన్నెలు, దండెం మీద వెలిసిపోయిన గౌన్లు.

"ఇవన్నీ స్టోర్ రూములో పడేసి తాళం వేయండి" అన్నాడు. పోలమ్మను పిలిచి, "ఈ పిల్లల్ని తీసుకుని జీడితోటలోకి వెళ్లు. వాళ్ల కారు వెళ్లాకే రండి" అని చెప్పాడు.

పోలమ్మకు విషయం బోధపడలేదు. "ఆలొచ్చేది ఈల కోసమే కదా బాబూ?" అంది.

పక్కనే తెలుగు టీచరు అరుంధతి ఉంది. ఆవిడ కూడా గొంతు తగ్గించి, "అవును మాస్టారూ, ఉన్నదున్నట్టు చూపిస్తేనే కదండీ వాళ్లకు తెలిసేది" అంది.

"చూడమ్మా, ఇంటికొచ్చిన మనిషిని చిరిగిన చాప మీద కూర్చోబెడతామా? మన బడి ఎంత ఒద్దికగా ఉందో చూస్తే వాళ్లకే ముచ్చటేసి ఇస్తారు. అడుక్కునేవాళ్లలా కనబడితే ఎవరిస్తారు?" అన్నాడు చిన్నంనాయుడు.

పిల్లలు పోలమ్మ వెనక వరసగా జీడితోటలోకి వెళ్లిపోయారు.

వసుంధర మరో ఇద్దరితో వచ్చింది. నలభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడేది, ఎక్కువ చూసేది. బడంతా తిరిగి చూసింది. గోడలు మెరుస్తున్నాయి. మిగతా పిల్లలు ఉతికిన యూనిఫాంలో నిలబడి నమస్కారాలు పెట్టారు. వాళ్లలోనే వలసవాళ్ల పిల్లలూ ఉన్నారనుకుంది వసుంధర.

"వలస వెళ్లినవాళ్ల పిల్లలు ఎక్కడ పడుకుంటున్నారండీ?" అని అడిగింది.

చిన్నంనాయుడు తివాచీ పరిచిన తరగతి గది చూపించి, "ఇదిగో, ఇక్కడేనండీ. హాయిగా పడుకుంటారు" అన్నాడు. మామూలు రోజుల్లో ఆ గది నిండా బల్లలే ఉంటాయని, అవి జరపడానికి చోటు లేకే పిల్లలు వరండాలో పడుకుంటున్నారని చెప్పలేదు.

"రాత్రి భోజనానికి ఇబ్బందిగా ఉందా?"

"ఏ లోటూ లేదండీ. అన్నీ అమరుతున్నాయి."

"మరి మా నుంచి ఏం కోరుతున్నారు మాస్టారూ?"

సూటిగా అడిగిన ప్రశ్న. చెప్పాల్సిన జవాబు ఆయన గుండెల్లో ఎన్నాళ్ల నుంచో ఉంది. కానీ తెల్లటి గోడల మధ్య, ఎర్ర తివాచీ మీద నిలబడి ఆ మాట అనడానికి నోరు రాలేదు. "ఏదో, మీ చేతి చలవతో ఒక గది వస్తే ఇంకాస్త బాగుంటుందండీ. అంతే" అన్నాడు.

తర్వాత భోజనాలు. పులిహోర, పనసపొట్టు కూర, జీడిపప్పు పాయసం. వచ్చినవాళ్లు కడుపునిండా తిని, సంతోషంగా దండం పెట్టి వెళ్లారు. కారు మలుపు తిరిగాక పిల్లలు తోటలోంచి వచ్చారు. పోలమ్మ మిగిలిన పులిహోర వాళ్లకు పెట్టింది. ఆ పూట చిన్నంనాయుడంత సంతోషంగా ఉన్నవాడు ఊళ్లో మరొకడు లేడు.

కార్తీకం వెళ్లేముందు వసుంధర నుంచి ఫోన్ వచ్చింది.

"మాస్టారూ, శుభవార్త. ఈ ఏడు మా ట్రస్టు ఇచ్చే ఆదర్శ పాఠశాల షీల్డు మీ బడికే. అంత శుభ్రమైన బడి మేం ఇంతవరకూ చూడలేదు."

"చాలా సంతోషమండీ. మరి గది?"

"గ్రాంటు వేరే ఊరికి ఇచ్చామండీ. అక్కడ పిల్లలు వంటపాకలో బూడిద పక్కన పడుకుంటున్నారు. ఆ హెడ్మాస్టరు మాకు టీ కూడా ఇవ్వలేకపోయాడు పాపం. మీకు ఏ లోటూ లేదన్నారు కదా."

మా పిల్లలూ వరండాలోనే పడుకుంటున్నారండీ అనే మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? ఆ తివాచీ ఎవరిదో చెప్పాలి. స్టోర్ రూము తాళం సంగతి చెప్పాలి. ఆవిడ తన గురించి ఏమనుకుంటుంది? చిన్నంనాయుడు "మంచిదండీ, సంతోషం" అని ఫోన్ పెట్టేశాడు. నిజం చెప్పడానికి వచ్చిన రెండో అవకాశాన్నీ ఆయన అలా పోగొట్టుకున్నాడు.

షీల్డు వచ్చింది. నల్లటి చెక్క మీద ఇత్తడి సూర్యుడు. దాన్ని బల్ల మీద పెట్టిన వారంలోనే చలి ముదిరింది. మేస్త్రి లారీ మరికొంత మంది పనివాళ్ల కోసం ఊళ్లోకి వచ్చింది. అందులో అప్పలసూరి దిగాడు. తిన్నగా బడికి వచ్చి వరండా చూశాడు. అవే చాపలు, అదే ఒక్క గోడ. చిన్న పిల్లలిద్దరు దగ్గుతూ పడుకుని ఉన్నారు.

"గదేది మాస్టారూ?" అన్నాడు.

"ట్రస్టు వాళ్లు వేరే ఊరికి ఇచ్చేశారు" అన్నాడు చిన్నంనాయుడు.

"తప్పు మీది కాదు నెండి. మీరు మాత్రం ఏటి సేత్తారు? ఆలివ్వకపోతే" అన్నాడు అప్పలసూరి. అతను తిట్టినా ఆయనకు అంత బాధ కలిగేది కాదు.

"హైమను ఒక్కదాన్నయినా ఉంచు. పరీక్ష దగ్గరకొచ్చింది. మా ఇంట్లో పెట్టుకుంటాను."

"సెల్లెల్ని ఎవలు సూస్తారు బాబూ? మేమిద్దరం బట్టీ కాడుంటే ఇదే కదా ఎత్తుకోవాల. అందరూ ఒకే కాడ ఉంటాం."

మిగతా పిల్లల్నీ తీసుకురమ్మని వాళ్ల అమ్మానాన్నలు అప్పలసూరికే చెప్పి పంపారు. పిల్లలంతా మూటలతో లారీ దగ్గరకు వెళ్లారు. చిన్నంనాయుడు వెంట నడిచాడు. హైమ చెల్లెల్ని పైకెక్కించి, తను ఎక్కబోతూ ఆగింది. ఆయన ఏదో ఒకటి అనాలని, "పుస్తకాలు తీసుకెళ్లు తల్లీ, అక్కడ చదువుకో" అన్నాడు.

"అలాగే మాస్టారూ" అంది హైమ. తర్వాత మామూలుగానే, పాఠంలో అర్థం కానిది అడిగినట్టు అంది. "ఆ రోజు జీడితోటలోంచి బడి చూసినాం మాస్టారూ. తోరణాలు అవీ కట్టుంటే చాలా బాగుంది. మేం నేకపోతే బడి అంత బాగుంటాదని మాకు అప్పటిదాకా తెలీదు."

ఆ పిల్ల మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఆయన అక్కడ నిలబడలేకపోయాడు. వెనక్కి వచ్చి తన గదిలో కూర్చుని, ఎదురుగా ఉన్న షీల్డును చూసి ఏడ్చాడు. అంతమంది పిల్లల కోసం కాళ్లరిగేలా తిరిగింది తనే. తీరా ఇచ్చేవాళ్లు వచ్చేసరికి, ఆ పిల్లల్ని సిగ్గుపడాల్సిన సామానులా తోటలో దాచిందీ తనే.

మర్నాడు ఆయన షీల్డును గుడ్డలో చుట్టుకుని విశాఖపట్నం బస్సెక్కాడు. దాన్ని వసుంధర బల్ల మీద పెట్టి, సున్నం దగ్గర నుంచి జీడితోట దాకా ఒక్కటీ దాచకుండా చెప్పాడు.

"ఆ రోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేది మాస్టారూ. పోనీ, ఫోన్లోనైనా చెప్పాల్సింది. అప్పటికి ఇంకా డబ్బు పంపలేదు" అంది వసుంధర.

"ఇప్పుడేమైనా..."

"ఈ ఏటిది అయిపోయిందండీ. వచ్చే ఏడు మళ్లీ వస్తాం. అప్పుడు పులిహోర పెట్టకండి. పిల్లలు తినేదే మాకూ పెట్టండి." షీల్డు ఆయన వైపు జరిపి, "ఇది మీ దగ్గరే ఉంచండి" అంది.

హైమ లేకుండానే పరీక్ష జరిగిపోయింది. ఎండాకాలం చివర్లో ఆమె తిరిగొచ్చింది. అరచేతులు గరుకుదేరాయి. తొమ్మిదిలో కూర్చుంది. వెళ్లిన పిల్లల్లో కొందరు బడికి రాలేదు.

దసరాకు చిన్నంనాయుడు మళ్లీ ఇంటింటికీ తిరిగి బతిమాలితే కొందరు పిల్లల్ని వదిలి వెళ్లారు, అప్పలసూరి కూడా హైమనూ చెల్లెల్నీ వదిలాడు. ఆ తర్వాత వసుంధర మళ్లీ వచ్చింది. ఈసారి గోడలకు సున్నం లేదు, గేటుకు తోరణం లేదు. చిన్నంనాయుడు ఆవిడను వరండాలో చిరిగిన చాప మీదే కూర్చోబెట్టాడు. పోలమ్మ సొట్టలు పడ్డ కంచంలో అన్నం పెట్టి పప్పుచారు పోసింది. జల్లు ఎటు నుంచి కొడుతుందో, చిన్నవాళ్లను ఏ మూలకు జరుపుతారో హైమ దగ్గరుండి చూపించింది.

"ఇబ్బందులేమైనా ఉన్నాయా మాస్టారూ?" అని వసుంధర అడిగింది.

"ఏ లో..." అని అలవాటుగా వచ్చేసింది ఆయన నోట్లోంచి. నాలుక కరుచుకుని, హైమ వైపు చూశాడు. "ఉన్నాయండీ. గది లేదు. దుప్పట్లు చాలవు. పోలమ్మకు రాత్రి వంటకు ఒక్క రూపాయి ముట్టడం లేదు. వీటన్నిటికీ మీ సాయం కావాలి" అన్నాడు. చెప్పాక, తను అనుకున్నంత నామోషీగా ఏమీ లేదని ఆయనకే ఆశ్చర్యం వేసింది.

ఆ చలికాలానికి గది లేచింది. గోడలు ఆరకముందే పిల్లలు అందులో పడుకున్నారు. కానీ హైమకు ఆ స్కాలర్‌షిప్ రాలేదు, రాదు కూడా. ఆమె పై చదువు ఖర్చుకు చిన్నంనాయుడు మళ్లీ ఊళ్లు పట్టుకుని తిరుగుతూనే ఉన్నాడు. ఎక్కడికి వెళ్లినా మొదట ఆమె సంగతే చెబుతాడు, ఏదీ దాచకుండా.

షీల్డు ఇప్పటికీ ఆయన బల్ల మీదే ఉంది. ఎవరైనా పెద్దలు వస్తున్నారంటే కొత్త టీచర్లు, "టెంట్‌హౌస్‌కు కబురు పెట్టమంటారా?" అని అడుగుతుంటారు. ఆయన ఆ షీల్డు చూపించి, దాని కథ చెప్పి, వద్దంటాడు.

నీతి: సాయం అడిగే చోట లోటును దాచకూడదు. మన పరువు కోసం మనం దాచితే, నష్టపోయేది మనల్ని నమ్ముకున్నవాళ్లే.