రాజు మెడ మీది గీత

అనగా అనగా కుందవరమనే రాజ్యం ఉండేది. పటాల్లో వెతికి లాభం లేదు. పటాలు గీసేవాళ్లు పుట్టకముందు మాట ఇది. ఆ రాజ్యాన్ని ఏలే జయకేతన మహారాజు మంచివాడే కాని, శకునాలకు మహా భయపడేవాడు.

ఆ కొలువులో నాణేలను పరీక్షించే ఉద్యోగం సూరసానమ్మది. "ఎవరు చెప్పారు? ఎలా తెలిసింది? నువ్వు చూశావా?" అని అడగనిదే ఆమె ఎవరి మాటా నమ్మేది కాదు. పెళ్లివిందులో పాయసం తియ్యగా ఉందని పదిమంది అన్నా, తాను రుచి చూశాకే తల ఊపుతుందని ఊళ్లో నవ్వుకునేవారు.

ఒకనాడు సంతలో ఒక గుసగుస పుట్టింది. కొత్త వెండి నాణెం మీద రాజుగారి బొమ్మకు మెడ దగ్గర అడ్డంగా ఒక గీత ఉందట.

"రాజుగారి మెడ తెగిందటమ్మా!" అన్నది ఉల్లిపాయలమ్మే ఆవిడ.

"అయితే రాజ్యానికి మూడినట్టే!" అన్నాడు బేరమాడుతున్న పెద్దమనిషి.

పొద్దువాలేలోగా ఆ గుసగుస కోటగోడ దాటింది.

మర్నాడు కోశాధికారి కొమ్మన ఆ నాణేన్ని తెచ్చి రాజు ముందు పెట్టాడు. వెనుక భటులు ముసలి మారోజును పట్టుకొచ్చారు. నాణేలు కొట్టే టంకశాలలో ఇనుప అచ్చుల మీద బొమ్మలు చెక్కేది అతడే.

"ప్రభూ! ఇది ఇతగాడి పని. మొన్న జీతం పెంచమని అడిగితే కుదరదన్నాను. ఆ కక్షతో తమ మెడ కోశాడు," అన్నాడు కొమ్మన.

"నేనెరగను ప్రభూ!" అన్నాడు మారోజు.

రాజు ముఖం నల్లబడింది. "సూరసానమ్మా! పరీక్షించి చెప్పు. ఇతడు గీసిన గీతే అయితే, గీసిన ఆ కుడిచేయి మణికట్టు దగ్గర తెగుతుంది."

సూరసానమ్మ నాణేన్ని కిటికీ దగ్గరకు తీసుకుపోయి భూతద్దం పట్టింది.

"చూడండమ్మా, బాగా చూడండి," అని కొమ్మన నవ్వాడు. "గోరంతను కొండంత చేయడమేగా ఆ గాజుబిళ్ళ పని!"

"గోరంతైనా ఉన్నచోటే కొమ్మనగారూ. మీ అరచేతి మీద పట్టినా ఏమీ లేకపోతే ఏమీ కనబడదు."

మొదట ఆమె వెలుతురు పక్కనుంచి పడేలా నాణేన్ని వంచింది. గీతకు ఆవలివైపు సన్నని నీడ పడింది. గోటితో తడిమింది. గోరు గీతలోకి దిగలేదు, గీతకు తట్టుకుని ఆగింది.

"ప్రభూ! కత్తితో గీస్తే నాణెం మీద గాడి పడుతుంది. ఇక్కడ గాడి లేదు, గట్టు ఉంది. అచ్చులో పల్లంగా ఉన్నదే నాణెం మీద మిట్టగా లేస్తుంది. కనుక ఇది సంతలో ఎవరో గీసినది కాదు. టంకశాలలో, అచ్చులోంచే వచ్చింది."

"విన్నారా ప్రభూ!" అని కొమ్మన చప్పట్లు చరిచాడు. "అచ్చు చెక్కేది ఎవరు? మారోజు! ఇంకేం కావాలి?"

మారోజు తన కుడిచేతిని ఉత్తరీయంలో దాచుకున్నాడు. తలారిని పిలవమన్నట్టు రాజు చేయి ఎత్తాడు.

తాను చెప్పినది నిజం. ఆ నిజమే ఇప్పుడు ఒక మనిషి చేతిని తీసేలా ఉంది. సూరసానమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"పరీక్ష ఇంకా ముగియలేదు ప్రభూ. గీత అచ్చులోంచి వచ్చిందన్నాను. అచ్చులోకి ఎలా వచ్చిందో చెప్పలేదు."

"అడ్డదిడ్డపు మాటలు!" అన్నాడు కొమ్మన.

"అడ్డదిడ్డంగా ఉన్నది నా మాట కాదు, ఈ గీత. మీరే చూడండి."

ఆమె భూతద్దాన్ని రాజు చేతికిచ్చింది. రాజు ఒక కన్ను మూసి చూశాడు. బొమ్మ కనుబొమ, మీసం, చెవిపోగు ఒక్కొక్కటీ తీర్చిన గీతలు. ఎక్కడా వణుకు లేదు. మెడ మీది గీత మాత్రం ఎండిన చెరువు నేలమీది నెర్రెలాగా వంకరలు పోయింది. ఒకచోట లావు, ఒకచోట సన్నం.

"ఇంతటి పనివాడు ఉలి పట్టి గీస్తే ఇలా వస్తుందా ప్రభూ?"

"కావాలనే వంకరగా గీశాడేమో!" అన్నాడు కొమ్మన.

"కావచ్చు," అన్నది సూరసానమ్మ. సభ ఉలిక్కిపడింది. "మీ అనుమానం సబబే. అందుకే మూడో పరీక్ష."

ఏ ఏడు కొట్టిన నాణేల్లో కొన్నింటిని ఆ ఏడే కుండలో పోసి, లక్కముద్ర వేసి ఖజానాలో దాచడం కుందవరపు ఆచారం. రెండేళ్ల కిందటి కుండనూ, నిరుటి కుండనూ ఆమె తెప్పించింది. ముద్రలు చెదరలేదని కొమ్మన చేతనే చెప్పించింది. ఒక్కో కుండలోంచి ఒక్కో నాణెం తీసి, సంత నాణెం పక్కన వరుసగా పేర్చింది.

మొదటిదానిలో అంచు దగ్గర వెంట్రుకంత గట్టు. రెండోదానిలో ఆ గట్టే భుజం దాకా పాకింది. మూడోదానిలో మెడ దాటింది. దారి ఒకటే, వంకరలు అవే.

"ఉలితో గీసిన గీత గీసినంతే ఉంటుంది. పగులే ఏటికేడూ సాగుతుంది. ఇది పగులు ప్రభూ. ఇనుప అచ్చు సమ్మెట దెబ్బలకు బీటవారింది."

రాజు మారోజు వైపు తిరిగాడు.

"పగిలిన అచ్చును ఎందుకు మార్చలేదయ్యా?"

"తమ ఆజ్ఞ ప్రభూ," అన్నాడు మారోజు నేల చూస్తూ. "పట్టాభిషేకం నాడు అచ్చుకు పాలతో అభిషేకం చేయించి, తాము బతికున్నంతకాలం దాన్ని మార్చడం అపశకునమన్నారు. రాజుగారి బొమ్మ పగిలిందని నోటితో అనడమే నేరమన్నారు. ఎలా చెప్పమంటారు?"

రాజు నాణేన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"అంటే," అన్నాడు రాజు మెల్లగా, "నా మెడ మీద గీత గీసింది నేనేనా, సూరసానమ్మా?"

ఆమె రాజు కళ్లలోకి చూసింది. "నాణెం చెబుతున్నది అదే ప్రభూ."

రాజు నాణేన్ని కింద పెట్టాడు. తరువాత ఆ అచ్చును తెప్పించి, మారోజు చేతికి సమ్మెట ఇప్పించాడు. "నీ కుడిచేత్తోనే కొట్టు," అన్నాడు.

మారోజు సమ్మెట ఎత్తాడు. మొదటి దెబ్బకే అచ్చు పగులు వెంట రెండు ముక్కలైంది. పైకప్పు కూలలేదు, పిడుగు పడలేదు. రాజు తన మెడ ఒకసారి తడుముకుని, నవ్వేశాడు.

"కొమ్మనా! ఇకనుంచి ఏటా అచ్చులను సూరసానమ్మ పరీక్షిస్తుంది. ఆమె పక్కన దీపం పట్టుకునే పని నీది. మారోజూ! కొత్త అచ్చు చెక్కు. ఈసారి నా బొమ్మకు పట్టాభిషేకం నాటి మీసం కాదు, ఇప్పటి నెరిసిన మీసమే పెట్టు."

సగంలో ఆపిన పరీక్ష నిరపరాధిని కూడా దోషిని చేస్తుంది; రాజు గడపకు చేరినా ఆగకుండా చివరిదాకా సాగిన పరీక్షే న్యాయమవుతుంది.