కొమ్మన్న చెప్పిన కిటుకు

కొబ్బరితోట చివర పశువుల పాక, పాక వెనక పేడకుప్ప. ఆ కుప్పలోనే పుట్టి పెరిగాడు కొమ్మన్న అనే కొమ్ముపురుగు. నేరేడుపండులా నిగనిగలాడే వీపు, పొట్ట కింద కొబ్బరి పీచులాంటి ఎర్రటి నూగు, ఆరు ముళ్ళ కాళ్ళు, నెత్తిన వెనక్కి వంగిన ఒంటికొమ్ము. మనిషి చూడముచ్చటగా ఉంటాడు. ఒక్కటే ఇబ్బంది: వెల్లకిలా పడ్డాడంటే తనంతట తాను లేవలేడు.

ఓ పొద్దున సరిగ్గా అలాగే పడ్డాడు. పడేసినవాడు అబ్రాసు. బంగారు రంగు ఈకల పుంజు, ఆ కుప్పకు తానే రాజుననుకునే రకం.

"నేనొస్తుంటే తప్పుకోవేం? నీకేమన్నా కొమ్ములు మొలిచాయట్రా?"

"కొమ్ములు కాదు మామా, ఒకటే మొలిచింది," అన్నాడు కొమ్మన్న, కాళ్ళు గాల్లో కొట్టుకుంటూ.

పక్కన నెమరేస్తున్న ముసలి ఎద్దు కిసుక్కున నవ్వాడు. పుంజుకు రోషమొచ్చింది.

"నాతోనా పరాచికాలు! ఒక్క గుటకలో మింగేస్తా."

కొమ్మన్న పైప్రాణాలు పైనే పోయాయి. అయినా పుంజు చూపు తన కొమ్ము మీదే తచ్చాడటం కనిపెట్టాడు.

"మింగితే మింగు మామా. కానీ కొమ్ములు తిరిగిన మొనగాడివని అంతా అంటుంటారా, తీరా చూస్తే నీ నెత్తిన ఆ ఎర్ర తురాయి తప్ప ఏమీ లేదు. నాకే తలకొట్టేసినట్టుంది."

పుంజు గొంతు తగ్గించాడు. "ఆ కొమ్మెలా వస్తుందిరా?"

"పేడలో మెడదాకా దిగి, కళ్ళూ నోరూ మూసుకు కూర్చోవాలి. మేమందరం అలా సాధించినవాళ్ళమే. మధ్యలో నోరు తెరిచావో, మొలిచేది లోపలికి పోతుంది. నన్ను తిప్పు, మంచి చోటు చూపిస్తా."

పుంజు ముక్కుతో సుతారంగా తిప్పాడు. చూపినచోట గబగబా కెలికి, మెడదాకా దిగి, తురాయి తప్ప ఏమీ కనబడకుండా పేడ మీదికి లాక్కుని కళ్ళు మూసుకున్నాడు. కొమ్మన్న బుర్రుమని ఎగిరి కొబ్బరి మొవ్వులో పడ్డాడు.

"ఏం అల్లుడూ, ఒంట్లో బాలేదా?" అన్నాడు ఎద్దు.

"ఊఁ... ఊఁ..." అన్నాడే కానీ పుంజు నోరు విప్పలేదు.

అంతలో పెట్టలొచ్చాయి.

"ఒసేయ్, ఎవరో మందారపువ్వు పారేసిపోయారే!" అంటూ ఓ పెట్ట ఆ తురాయిని ఠపీమని పొడిచింది.

"కొక్కొరొక్కో!"

పాకంతా ఘొల్లుమంది. పైనుంచి కొమ్మన్న కేకేశాడు: "అయ్యో మామా, నోరు తెరిచేశావే! ఇంకాస్తలో మొలిచేది!"

పుంజు పేడ దులుపుకుంటూ నెత్తి తడుముకుని, "రేపు ముక్కుకు పీచుతాడు కట్టుకుని కూర్చుంటా," అని గొణిగాడు.

పక్కవాడి సొగసుకు ఆశపడి కళ్ళు మూసుకుంటే, మోసపోయిన సంగతి కూడా తెలియదు.