గంపగుత్త కరెంటు

మా ఇంటి వరండా లైటు పట్టపగలు కూడా వెలుగుతూనే ఉంటుంది. ఆర్పడం మర్చిపోయానని మా ఆవిడ అంటుంది. నేను దాన్ని పరోపకారం అంటాను. మిట్టమధ్యాహ్నం మా వీధిన పోయే మనిషికి దారి కనపడకపోతే ఆ పాపం నాకు తగలకూడదు కదా! ఇంత ధర్మబుద్ధి ఉన్నవాణ్ణి గనక కరెంటు గురించి నాలుగు ముక్కలు చెప్పే అర్హత నాకుందని నేనే తీర్మానించుకున్నాను. మనుషుల పేర్లు పెట్టి చెబితే మా వీధిలో ముగ్గురు నాతో మాట్లాడ్డం మానేస్తారు. జంతువులైతే చదవవు, దెబ్బలాటకి రావు.

అడవి అంచున తుప్పలగూడెం అని ఒక జంతువుల పేట. నాలుగిళ్ళు, నాలుగు మీటర్లు.

మొదటింట్లో చుక్కలకోడి పోలమ్మ. చుట్టుపక్కల కోళ్ళన్నీ గుడ్లు పొదగడం వరకే చేస్తాయి. పుట్టిన పిల్లల్ని సాకడం పోలమ్మ పని. వెదురుగంప కింద అరవై వాట్ల బల్బు వేలాడదీసి ఆ వేడిలో పిల్లల్ని కాస్తుంది. ఒక జట్టు రెక్కలొచ్చి పోతే ఇంకో జట్టు వస్తుంది. గంప ఖాళీ ఉండదు, బల్బు ఆరదు. ఆరితే ఆ వానాకాలపు గాలికి పిల్లలు దక్కవు.

రెండో ఇంట్లో గేదె బుచ్చెమ్మ. ఆమెకి పెరుగు దాచుకునే ముసలి ఫ్రిజ్జు ఒకటుంది, అది ఆమెకంటే గట్టిగా రంకెలేస్తుంది. మూడో ఇంట్లో గాడిద బైరాగి, ఒక ఫ్యాను, ఒక రేడియో. సంతకి గంపలు మోస్తాడు. సంతలో తిరిగినవాణ్ణి, లోకం తెలిసినవాణ్ణి అని అతని నమ్మకం. ఆ మాట ఎవరూ అడక్కపోయినా చెబుతాడు.

నాలుగోది గుంటనక్క పరాంకుశం గుహ. అందులో ఏసీ ఉంది. వాన కురుస్తున్నా సరే, దాన్ని పదహారు మీద పెట్టి రెండు రగ్గులు కప్పుకుని పడుకుంటాడు. "చల్లగా ఉంటేనే గదా రగ్గుకి విలువ" అంటాడు.

ఒకనాడు పరాంకుశం ముగ్గుర్నీ తన గుహ ముందుకి పిలిచాడు.

"అక్కలారా, బావా! మనం ఎంత తెలివితక్కువగా బతుకుతున్నామో ఎప్పుడైనా ఆలోచించారా?"

"నేను ఆలోచించలేదు" అంది బుచ్చెమ్మ నెమరేస్తూ. "పెరుగు తోడు పెట్టుకోవాలి, తొందరగా చెప్పు."

"బైరాగి బావా, నువ్వు సంత తెలిసినవాడివి. నువ్వే చెప్పు. నాలుగు వంకాయలు కొంటే ధరెక్కువా, గంప గంపంతా కొంటే ధరెక్కువా?"

బైరాగి చెవులు నిక్కపొడుచుకున్నాయి. ఇన్నాళ్ళకి ఒకడు అడిగాడు. "ఏం ప్రశ్నయ్యా అది! గంపగుత్తగా కొంటే సగానికి సగం దిగుతుంది. నేను మోసిన గంపలన్నీ అలా కొన్నవే."

"విన్నారా! మరి కరెంటు మాత్రం నలుగురం నాలుగు చోట్ల చిల్లరగా కొంటున్నామే? మీ వైర్లన్నీ నా మీటరుకి తగిలిద్దాం. మీ మీటర్ల ఫ్యూజులు పీకి పక్కన పెట్టండి. ఒకే బిల్లు, అదీ నా పేరు మీద. వచ్చినదాన్ని నాలుగు సమానవాటాలు చేసుకుందాం. ఎవరెంత వాడారని అడగడాలు, తగువులు లేవు. అన్నదమ్ముల్లా ఉందాం."

"బిల్లు తలనొప్పి నీ నెత్తిన పెట్టుకోవడం దేనికయ్యా?" అంది పోలమ్మ.

"మీకోసం ఆ మాత్రం మొయ్యలేనా అక్కా? కాకపోతే ఆరు నెలలదాకా ఎవరూ విడిపోకూడదు. మధ్యలో విడిపోతే గంప చెదిరిపోతుంది."

"చెదురుతుంది, చెదురుతుంది" అని తలాడించాడు బైరాగి. పోలమ్మకి లెక్క అర్థం కాలేదు. కానీ లోకం తెలిసినవాడు తలాడించాడు కదా అని కాగితం మీద కాలిగుర్తు వేసింది. బుచ్చెమ్మ గిట్ట వేసింది. బైరాగి రెండు గిట్టలూ వేశాడు, ఒకటి చాలని చెప్పినా వినకుండా.

నెల తిరిగింది. మీటరు రీడింగు తీసే కొంగ సన్యాసిరావు మెళ్ళో మిషనుతో వచ్చాడు, కాగితం చింపి ఇచ్చి పోయాడు. మూడువేల ఆరువందలు. తలకి తొమ్మిదివందలు.

"తొమ్మిదివందలా!" పోలమ్మ ఎగిరి గంప మీద పడింది. "నాకు ఎప్పుడూ నూటయాభై దాటలేదయ్యా!"

"నాకు మూడొందలు" అంది బుచ్చెమ్మ. నెమరు ఆగిపోయింది.

పరాంకుశం నుదురు కొట్టుకున్నాడు. "నేనేం చెయ్యను అక్కా? పొదుపు లేదు మీలో. బుచ్చెమ్మక్క ఫ్రిజ్జు తలుపు గంటకోసారి తీస్తుంది. బావ రేడియోలో వ్యవసాయ కార్యక్రమాలు వింటాడు, ఎవరి వ్యవసాయానికో! ఇక నీ బల్బు, పోలమ్మక్కా! పగలనీ రాత్రనీ లేదు. ఇరవైనాలుగు గంటలూ మండే బల్బుని నేనెక్కడా చూళ్ళేదు. మన కొంప ముంచుతున్నది అదే."

"పిల్లలయ్యా అవి..."

"నాకు మాత్రం పిల్లలంటే ఇష్టం లేదా?" అన్నాడు నక్క, మూతి నాక్కుంటూ. "ఈ నెల కట్టెయ్. వచ్చే నెల కట్టలేకపోతే నీ గంపకొచ్చే వైరు నేను పీకాల్సి వస్తుంది. మనసొప్పదు, కానీ పీకుతాను."

పోలమ్మ దాచుకున్న గుడ్లన్నీ అమ్మి తొమ్మిదివందలు కట్టింది. వచ్చే నెలకి అమ్మడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆ సాయంత్రం బల్బు ఆర్పేసి పిల్లల మీద రెక్కలు పరిచి కూర్చుంది. పిల్లలు పదకొండు, రెక్కలు రెండు. తెల్లారేసరికి అంచున ఉన్న రెండు పిల్లలు మెడలు వాల్చేశాయి. పోలమ్మ గబగబా బల్బు వేసి, వాటిని దాని కిందకి నెట్టింది. ఒకటి కాసేపటికి కళ్ళు తెరిచింది. రెండోది మధ్యాహ్నానికి తెరిచింది. అవి కీచుమనేదాకా కదలకుండా కూర్చుని, తర్వాత తిన్నగా పంటకాలవ దగ్గరికి నడిచింది.

కాలవలో సన్యాసిరావు ఒంటికాలి మీద చేపకోసం చూస్తున్నాడు.

"అన్నా, నాకొక ముక్క చెప్పు. అరవై వాట్ల బల్బు రోజంతా వెలిగితే ఎంత తాగుతుంది?"

కొంగ రెండో కాలు కూడా దించాడు. "ఇరవయ్యేళ్ళుగా రీడింగు తీస్తున్నానమ్మా. ఎంతైంది అని అడిగినవాళ్ళే గానీ, ఎందుకైంది అని అడిగిన మొదటిదానివి నువ్వు. విను. వెయ్యి వాట్లు గంటసేపు నడిస్తే ఒక యూనిట్టు. నీ బల్బుకి ఒక యూనిట్టు తాగడానికి పదహారు గంటలపైన పడుతుంది. రోజంతా వెలిగినా ఒకటిన్నర తాగదు."

"మరి నక్క గుహలో పెట్టె?"

"అది నిండుగా నడిస్తే గంటకే ఒకటిన్నర. నీ పిల్లలకి ఒక రోజంతా వేడి పెట్టిన కరెంటుతో ఆయన ఒక గంట చలికి వణికి రగ్గు కప్పుకుంటాడు."

పోలమ్మ మెడమీది ఈకలు లేచాయి. "అయినా నలుగురం కలిపి గంపగుత్తగా కొన్నాం కదా, ధర దిగాలి కదా?"

కొంగ పడీపడీ నవ్వాడు. చేప పారిపోయింది. "ఎవరు చెప్పారమ్మా! వంకాయలకి ఎక్కువ కొంటే ధర దిగుతుంది. కరెంటుకి ఎక్కుతుంది. మన అడవి రేటు చెబుతా విను. మొదటి యాభై యూనిట్లు రెండేసి రూపాయలు. తర్వాత యాభై మూడేసి. నూరు దాటితే అయిదు, రెండొందలు దాటితే ఎనిమిది, మూడొందలు దాటితే పది. కొద్దిగా వాడే పేదవాడికి చవగ్గా ఇవ్వాలని పెట్టిన మెట్లవి. నీ మీటరు నీకుంటే నువ్వు మొదటి మెట్టు మీదే ఉంటావు. అందరూ ఒకే మీటరు మీదకి ఎక్కితే చవక మెట్టు నలుగురికీ కలిపి ఒక్కటే. మిగతాదంతా పైమెట్ల మీద తాగినట్టే."

"అయితే నక్కకి ఏం లాభం?"

"విడిగా ఉంటే ఆయనకి పదహారువందలు వచ్చేది. ఇప్పుడు తొమ్మిదివందలు కడుతున్నాడు. మిగతాది మీరు కడుతున్నారు."

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే బుచ్చెమ్మ కొమ్ములు ఝాడించింది. బైరాగి ముందుగిట్టతో నేల గీరాడు.

"అంటే... నేను తలాడించకుండా ఉండాల్సిందంటావా?"

"తలాడిస్తే ఆడించావు. రెండో గిట్ట ఎందుకేశావయ్యా!" అంది బుచ్చెమ్మ.

"అది అలా ఉంచండి. బైరాగన్నా, నిన్న బండి మీద మూడు పెద్ద పెట్టెలు ఎక్కడికో లాక్కుపోయావు, ఎవరివి అవి?" అంది పోలమ్మ.

"మంచుకొండల నుంచి దిగొచ్చిన ఎలుగు పెద్దాయనవి. కొండచరియ గుహలో దిగాడు. మూడూ ఏసీలే. మంచు లేకపోతే నిద్ర పట్టదట పాపం. మీటరుకి అర్జీ పెట్టాడు గానీ, ఇంటి పన్ను రసీదు తెమ్మన్నారట. గుహకి రసీదు ఎక్కణ్ణుంచి తెస్తాడు?"

పోలమ్మ అరనిమిషం ఒంటికన్నుతో ఆలోచించింది. తర్వాత నక్క గుహకి వెళ్ళింది.

"తమ్ముడూ పరాంకుశం! మా ముగ్గురితో నీకు రోజూ గొడవే. మమ్మల్ని వదిలెయ్. మా బదులు ఎలుగు పెద్దాయన్ని చేర్చుకో. చెరి సగం."

నక్క కళ్ళు చిన్నవయ్యాయి. "ఎలుగా? ఏం వాడతాడు?"

"నువ్వే వచ్చి అడుగు."

ఎలుగు గుహ బయట ఆవులిస్తూ కూర్చున్నాడు. పెట్టెలు లోపల ఎక్కడో బిగించి ఉన్నాయి. నక్క వంగి దణ్ణం పెట్టాడు. "పెద్దాయనా, తమరు ఇంట్లో ఏం చేస్తుంటారు?"

"నిద్ర."

"నిద్ర లేచాక?"

"లేవను. ఆరు నెలలు పడుకుంటాను."

"వంట?"

"లేదు."

"టీవీ, రేడియో?"

"చప్పుడైతే నాకు కోపం వస్తుంది. పోయినసారి నన్ను నిద్ర లేపినవాడు ఇప్పుడు లేడు."

పరాంకుశానికి ఒళ్ళు పులకరించింది. ఆరు నెలలు పడుకునేవాడు ఏం కాలుస్తాడు? పైగా బిల్లులో సగం కడతాడు! పోలమ్మని పక్కకి పిలిచి "ఇంత మంచి బేరం నాకెందుకు అప్పజెబుతున్నావక్కా?" అన్నాడు.

"నా బల్బు నేను వేసుకుంటే చాలు తమ్ముడూ. కోడిబుర్ర, అంతకంటే పెద్ద ఆలోచనలు రావు."

"నిజమేలే" అన్నాడు నక్క జాలిగా. పాత కాగితం అక్కడే చింపేశాడు. కొత్తది తనే రాశాడు. చెరి సగం, ఆరు నెలలదాకా విడిపోకూడదు, ఎవరెంత వాడారని ఒకరినొకరు అడగకూడదు. ఎలుగు కాగితం మీద పంజా వేసి, లోపలికెళ్ళి పడుకున్నాడు. ముగ్గురూ నక్క మీటరు నుంచి తమ వైర్లు విప్పి, ఎలుగు వైరు దానికి తగిలించి, తమ పాత ఫ్యూజులు తెచ్చి తమ తమ మీటర్లకి బిగించుకున్నారు.

నెల తిరిగింది. సన్యాసిరావు వచ్చాడు. నక్క మీటరు ముందు నిలబడి కళ్ళు నులుముకున్నాడు, మళ్ళీ చూశాడు. మిషను లోంచి కాగితం వచ్చింది.

"ముప్పైనాలుగు వేలు" అన్నాడు కొంగ.

పరాంకుశం మొదట నవ్వాడు. తర్వాత కూర్చున్నాడు. కాసేపటికి లేచి కొండచరియకి పరిగెత్తాడు. గుహలోంచి మంచుగాలి తన్నుకొచ్చి మీసాలు బిగుసుకున్నాయి. మూడు ఏసీలు నెలంతా ఒక్క క్షణం ఆగకుండా తిరుగుతున్నాయి. నడుమ ఎలుగు గురక.

"పెద్దాయనా..." అన్నాడు నక్క, తన చెవికి కూడా వినపడనంత మెల్లగా.

గురక ఆగింది. నక్క గుండె కూడా ఆగింది. ఎలుగు అటు తిరిగి పడుకున్నాడు. నక్క వెనక్కి వెనక్కి నడిచి పోలమ్మ ఇంటికొచ్చి పడ్డాడు.

"అక్కా, మోసం చేశావు! పడుకుంటానన్నాడు ఆయన!"

"పడుకోలేదా?"

"పడుకున్నాడు గానీ..."

"ఏం వాడతాడో అడుక్కోమన్నాను. నువ్వు వంట అడిగావు, రేడియో అడిగావు. ఏసీ సంగతి మాత్రం అడగలేదు. ఎవరినీ ఆ మాట అడగనివ్వడం నీకు అలవాటు లేదు కదా, మర్చిపోయుంటావు."

బైరాగి గోడ మీంచి తల పెట్టాడు. "ఆయన వైరు పీకెయ్యి బావా! నీకు పీకడం వచ్చు కదా."

"పీకితే చలి పోతుంది. చలి పోతే లేస్తాడు" అన్నాడు నక్క, ఏడుపు గొంతుతో.

"కట్టకపోతే పదో తారీకున లైన్‌మన్ కోతి వచ్చి మొత్తం కోసేస్తాడు" అంది బుచ్చెమ్మ, తీరిగ్గా నెమరేస్తూ. "అప్పుడు ఎలాగూ లేస్తాడు. లేచి, బిల్లు ఎవరి పేరు మీద ఉందని అడుగుతాడు."

తొమ్మిదో తారీకు పొద్దున్న పరాంకుశం గుహ ఖాళీ. రగ్గులు రెండూ తీసుకుపోయాడు. ఏసీ మోసుకుపోలేక వదిలేశాడు. పోలమ్మ గంపలో పదకొండు పిల్లలూ బల్బు కింద తోసుకుంటున్నాయి.

నీతి: అందరం సమానంగా కడదామన్నవాడి ఇంట్లోకి ముందు తొంగి చూడాలి.

ఇంత చెప్పాను కదా, నా బిల్లులో కింద నుంచి మూడో వరుసలో 'సర్దుబాటు ఛార్జీ' అని ఒకటి ఉంటుంది. ఎవరు ఎవరితో సర్దుకున్నారో, నేనెందుకు కడుతున్నానో నాకింకా తెలీదు.