పోలమ్మతో పోటీ పడ్డ రాజు

సముద్రం ఒడ్డున రత్నగిరి అని ఒక రాజ్యం ఉండేది. దాని రాజు ప్రచండవర్మ. తన ముందు మరొకరిని పొగిడితే ఆయనకు ఆ పూట అన్నం సయించేది కాదు.

ఆయన తాతలు గెలుచుకున్న దీవి ఒకటి సముద్రం మధ్యలో ఉంది. అక్కడి జనం నెలలో పదిహేను రోజులు రాజుగారి ఓడల కోసం దుంగలు మోయాలి. కూలి లేదు, కూడు లేదు, అంతా వెట్టి. మిగతా రోజుల కష్టం పన్నులకు పోయేది. ఉప్పుకు పన్ను, వలకు పన్ను, చివరికి పొయ్యికి కూడా పన్ను.

ఒక ఏడాది దీవి ఎదురు తిరిగింది. వెట్టికి ఎవరూ రాలేదు, పన్ను ఎవరూ కట్టలేదు. వాళ్ళను నడిపించింది పడవలు కట్టే పోలమ్మ. సైనికులు ఆమెను పట్టి తెచ్చి చెరలో వేశారు.

"ప్రభూ, ఆమె పడవ తుఫానులో పగిలితే, ఊరంతా పిలవకుండానే వచ్చి ఒక్క రోజులో కొత్తది కట్టి ఇచ్చారట. మనం కొరడాలు పట్టుకుని నిలబడినా ఏడాదికి ఒక్క ఓడ లేవడం లేదు," అన్నాడు సేనాపతి.

తిరుగుబాటు కంటే ఆ మాటే రాజును ఎక్కువ బాధించింది. 'నాలో లేనిది ఆమెలో ఏముంది?' అనుకుంటూ మూడు రోజులు కుమిలిపోయాడు. నాలుగో రోజు కొలువులో ఆమెకు మరణశిక్ష వేయబోయాడు.

అప్పుడు బొల్లన లేచాడు. మాట నేర్పుతో కొలువులో చోటు సంపాదించుకున్నవాడు.

"ఆమెను చంపితే జనం ఎప్పటికీ ఆమెనే తలుచుకుంటారు ప్రభూ. ఆమె ఏం చేసి వాళ్ళ అభిమానం సంపాదించిందో మీరూ అదే చేస్తే సరి. కాకపోతే, అది మీవల్ల అవుతుందో కాదో."

రాజు ముఖం ఎర్రబడింది. "ఆమె చేసింది నావల్ల కాదా? ఆమె ఏది చేస్తే అది ఈ నిండు కొలువులో చేసి చూపిస్తాను. ఇది నా మాట."

పోలమ్మను సంకెళ్ళతో తెచ్చారు.

"అమ్మా, మొదట ఏం చేశావు?" అడిగాడు బొల్లన.

"వెట్టికి తోలుకుపోతున్న వాళ్ళ కట్లు విప్పాను."

"అదెంత పని," అన్నాడు రాజు. "నేనూ విప్పాను. వెట్టి రద్దు."

"తర్వాత?"

"అన్యాయపు పన్నులు కట్టొద్దన్నాను."

రాజు తటపటాయించాడు. పోలమ్మ కళ్ళు దించలేదు. అది చూసి ఆయన ఉండబట్టలేకపోయాడు. "నేనూ అంటున్నాను. కట్టొద్దు."

"ఆ తర్వాత?"

"మా దీవిని మేమే ఏలుకుంటామని అందరి ముందూ అన్నాను."

రాజు నుదుట చెమట పట్టింది.

"కష్టమైతే వదిలేయండి ప్రభూ," అన్నాడు బొల్లన మెల్లగా. "ఈ ఒక్కదాంట్లో ఆమెదే పైచేయి అని రాయించేద్దాం."

"రాయొద్దు," అన్నాడు రాజు. "వాళ్ళ దీవిని వాళ్ళే ఏలుకుంటారు."

సంకెళ్ళు తీశారు. రాజు ఆత్రంగా అడిగాడు. "ఇప్పుడు చెప్పు. నీ జనం నన్నూ నీలాగే అభిమానిస్తారా?"

"మా ఆయన మీ ఓడల దుంగ కింద నలిగి చనిపోయాడు ప్రభూ. అలాంటి ఇళ్ళు మా దగ్గర చాలా ఉన్నాయి. అభిమానం సంగతి నేను చెప్పలేను. అతిథిగా వస్తే మాత్రం మంచినీళ్ళు ఇస్తాం. నిన్నటిదాకా అవి కూడా ఇచ్చేవాళ్ళం కాదు."

రాజు తను వదులుకున్నవి ఒక్కొక్కటే వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. తర్వాత బొల్లన వైపు తిరిగి, "కత్తి దూయకుండా నా దీవిని గెలిచావు కదయ్యా," అంటూ నవ్వి, వేలి ఉంగరం తీసి ఇచ్చాడు.

పోలమ్మ అదంతా చూడటానికి ఆగలేదు. గాలి దీవి వైపు వీస్తోందని ఎవరో అనగానే రేవుకు బయలుదేరింది.